రైల్వే స్టేషన్లూ ప్రయాణికుల లెక్కా: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి

ఒక రైల్వే స్టేషన్‌ను ఏడాదికి ఎంతమంది ప్రయాణికులు వాడుకుంటున్నారన్న లెక్క మీద ఆ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం పైకప్పు ఎంత దూరం వేయాలి, తాగునీటి కుళాయిలు ఎన్ని పెట్టాలి, మరుగుదొడ్లు ఎన్ని కట్టాలి, పట్టాలు దాటడానికి పైవంతెన ఉండాలా వద్దా అన్న నిర్ణయాలు ఆధారపడి ఉంటాయి. ఏ బండి అక్కడ ఆగాలి, ఏది ఆగకుండా పోవాలి అన్నదానికి కూడా చాలావరకు అదే ఆధారం. ఇంత బరువు మోసే లెక్క ఎట్లా తయారవుతుందో, అందులోకి ఎవరు వస్తారో, ఎవరు రాకుండా పోతారో పరిశీలించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం. పరిశీలనకు తీసుకున్న ప్రాంతం 2016 అక్టోబరు 11న కొత్తగా ఏర్పడ్డ జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు. వీటిలో అత్యధిక భాగం పాత వరంగల్ జిల్లాదే అయినా, గార్ల, బయ్యారం వంటివి ఖమ్మం నుంచి, మహదేవపూర్, కాటారం వంటివి కరీంనగర్ నుంచి వచ్చి చేరాయి. మొదటి రెండు జిల్లాల నడుమ నుంచి సికింద్రాబాద్–కాజీపేట–విజయవాడ ప్రధాన రైలుమార్గం పోతుంది. మూడో జిల్లాలో ఒక్క రైల్వే స్టేషన్ కూడా లేదు.

ఆచార్య కొత్తపల్లి జయశంకర్ పేరు మోస్తున్న జిల్లా గురించి మాట్లాడేటప్పుడు లెక్కల నుంచి మొదలుపెట్టడం సముచితమే. 1934 ఆగస్టు 6న వరంగల్ ప్రాంతంలోని అక్కంపేటలో పుట్టి, అర్థశాస్త్రం బోధించి, కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసి, 2011 జూన్ 21న కన్నుమూసిన ఆయన, తెలంగాణ వాదాన్ని ఆవేశం మీద కంటె ఆదాయవ్యయాల పట్టికల మీద ఎక్కువగా నిలబెట్టారు. ఒక ప్రాంతంలో పుట్టిన రాబడి వేరొక ప్రాంతం ఖాతాలో కనబడితే ఆ ప్రాంతం పేదదిగా తోస్తుందన్నది తెలంగాణ మిగులు నిధుల చర్చ అంతటికీ మూలం. రైల్వే లెక్కల్లో భూపాలపల్లి పరిస్థితి దాదాపు ఇదే: అక్కడి జనం రైలెక్కుతారు, టికెట్లు కొంటారు, ఆ టికెట్లు మాత్రం వరంగల్, కాజీపేట, జమ్మికుంట స్టేషన్ల పేరు మీద జమవుతాయి.

సికింద్రాబాద్–కాజీపేట–విజయవాడ రైలుమార్గం ప్రజల రాకపోకల కోసం పుట్టింది కాదన్న సంగతి ముందే గుర్తుపెట్టుకుంటే తరువాతి కథ అంతా తేలిగ్గా అర్థమవుతుంది. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా మొదటి మార్గం తెరిచారు. 1871–72 ప్రాంతంలో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు పొరలను గుర్తించిన తరువాత, ఆ బొగ్గును రేవులకూ మిల్లులకూ చేర్చడానికి తూర్పు దిక్కుగా పట్టాలు వేయాలన్న ఆలోచన బలపడింది. 1883లో బయటికి వచ్చిన చాందా రైల్వే పథకం హైదరాబాద్ సంస్థానంలో మొదటి ఆధునిక ప్రజాందోళనకు కారణమైంది. లండన్‌లో ఏర్పడే ప్రైవేటు కంపెనీ పెట్టుబడి మీద నిజాం ప్రభుత్వం 20 ఏళ్లపాటు 5 శాతం వడ్డీకి పూచీ పడాలన్నది ఒప్పందం. అంటే బండ్లు నిండినా నిండకపోయినా వాటాదారులకు వడ్డీ ముడుతుంది, నష్టం ఖజానాది. షరతులను ప్రజల ముందు పెట్టండని అడిగినవారిలో సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ ముఖ్యుడు. ఫలితంగా ఆయనను కొలువు నుంచి తప్పించి సంస్థానం వెలుపలికి పంపారు. రైల్వే లెక్క అడిగినందుకు దేశబహిష్కారం పొందిన పెద్దమనిషి ఈ ప్రాంత చరిత్రలో ఉన్నాడన్నది, నూట నలభై ఏళ్ల తరువాత అదే ప్రశ్న అడగబోయేవారికి కొంత ధైర్యం ఇచ్చే విషయమే.

ఒప్పందం ఆగలేదు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పేరుతో ఏర్పడ్డ కంపెనీ పట్టాలు 1886లో వరంగల్‌కు, 1888లో డోర్నకల్‌కు, 1889లో బెజవాడకు చేరాయి. 1886లోనే హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఇల్లందు గనుల హక్కులు పొందింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా నమోదైంది దాని వారసురాలే. డోర్నకల్ నుంచి గనులకు పోయే శాఖామార్గం వల్ల ఆ ఊరు జంక్షన్, అంటే రెండు మార్గాలు కలిసి విడిపోయే చోటు, అయింది. 1929 నాటికి కాజీపేట నుంచి బల్లార్షా దాకా మార్గం పూర్తయి ఢిల్లీ–మద్రాసు దారి తెరుచుకోవడంతో కాజీపేట ఆ ప్రాంతానికంతటికీ మూడు దిక్కుల కూడలిగా మారింది. 1930లో ఈ రైల్వే నిజాం ప్రభుత్వ యాజమాన్యంలోకి, 1951లో మధ్య రైల్వేలోకి, 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడ్డ దక్షిణ మధ్య రైల్వేలోకి వెళ్లింది. యాజమాన్యాలు నాలుగు మారినా మార్గం మారలేదు. బొగ్గు కోసం వేసిన గీత మీదనే జనం తమ ఊళ్లను జరుపుకున్నారు.

ఊళ్లను జరుపుకోవడం అన్నది ఇక్కడ అక్షరాలా జరిగింది. సికింద్రాబాద్ నుంచి వచ్చేటప్పుడు జనగామ జిల్లాలో పెంబర్తి, జనగామ, రఘునాథపల్లి, ఘన్‌పూర్ తగులుతాయి. వరంగల్ దాటి నెక్కొండ తరువాత మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం, తాళ్లపూసపల్లి, మహబూబాబాద్, గుండ్రాతిమడుగు, గార్ల, డోర్నకల్ వరుసగా వస్తాయి. వీటిలో పట్టణాలుగా ఎదిగినవాటి మ్యాపు చూస్తే ఒకే తీరు కనబడుతుంది: స్టేషన్ ఎదురుగా బజారు, బజారు వెనుక మార్కెట్ యార్డు, యార్డును ఆనుకొని బియ్యం మిల్లులు, పప్పు మిల్లులు, ఆ తరువాత ఇళ్లు. కేసముద్రం వ్యవసాయ మార్కెట్ ఆ మండలం స్థాయికి మించి పేరు తెచ్చుకోవడానికి కారణం స్టేషన్ పక్కన ఉండడమే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మోసే మహబూబాబాద్‌ను చుట్టుపక్కల జనం మానుకోట అనే అంటారు గాని, పాత మానుకోటను జిల్లా కేంద్రం స్థాయికి తెచ్చింది మిర్చి, పత్తి బస్తాలను ఎక్కించి దించుకున్న రైలుగడపే. డోర్నకల్ సంగతి ఇంకా విచిత్రం. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, మద్రాసు కాదు, హైదరాబాద్ కాదు, ఈ చిన్న జంక్షన్‌ను తన పీఠం చేసుకున్నాడు; నాలుగు వైపుల పల్లెలకు బండిమీద పోయి రాగల చోటు కావడం ఆ పీఠానికి కలిసివచ్చింది.

ఘన్‌పూర్ అన్న పేరు గల ఊళ్లు రెండు ఉన్నందువల్ల, రెవిన్యూ రికార్డులు వాటిని ఘన్‌పూర్ (స్టేషన్) అనీ, ఘన్‌పూర్ (ములుగు) అనీ వేరుచేసి రాసేవి. మొదటిది జనగామ జిల్లాలోని స్టేషన్ ఘన్‌పూర్. రెండోది ఇప్పటి భూపాలపల్లి జిల్లాలోని గణపురం. కాకతీయుల కాలపు కోటగుళ్లు, గణపసముద్రం చెరువు ఉన్నది అక్కడే, చెల్పూరులోని 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నదీ ఆ మండలంలోనే. చరిత్రలో పెద్దదీ, కరెంటు పుట్టించేదీ రెండో ఘన్‌పూర్. పేరుకు ముందు స్టేషన్ తగిలించుకొని, సికింద్రాబాద్‌కు పొద్దున పోయి సాయంత్రం రాగలిగేది మొదటి ఘన్‌పూర్. రెండు ఊళ్ల బతుకుతెరువులో వచ్చిన తేడాలో రైలు వాటా ఎంత, రహదారి వాటా ఎంత అన్నది అర్థశాస్త్ర విద్యార్థులు తేల్చదగిన మంచి ప్రశ్న.

ఇప్పుడు లెక్క సంగతి. భారతీయ రైల్వే ఒక స్టేషన్ వాడకాన్ని ప్రధానంగా రెండు కొలతలతో చూస్తుంది: ఆ స్టేషన్‌లో అమ్మిన టికెట్ల రాబడి ఒకటి, ఆ స్టేషన్ నుంచి బయలుదేరిన ప్రయాణికుల సంఖ్య రెండు. 2017కు ముందు రాబడినే ముఖ్యంగా చూసి ఏ1, ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ అన్న తరగతులు ఇచ్చేవారు. ఆ ఏడాది చేసిన మార్పుతో నగర శివారు మార్గాలకు చెందని స్టేషన్లను ఎన్ఎస్‌జీ అన్న ఆరు తరగతులుగా, శివారు స్టేషన్లను ఎస్‌జీ అన్న మూడు తరగతులుగా, హాల్టులను హెచ్‌జీ అన్న మూడు తరగతులుగా విభజించారు. హాల్టు అంటే సిగ్నళ్లు, అదనపు పట్టాలు లేకుండా బండి ఒక నిమిషం నిలిచిపోయే చోటు. చాలా హాల్టుల్లో టికెట్లు అమ్మేది రైల్వే ఉద్యోగి కాక కమిషన్ మీద పనిచేసే స్థానిక ఏజెంటు. ఎన్ఎస్‌జీ ఒకటో తరగతికి ఏడాదికి 500 కోట్ల రూపాయల పైచిలుకు రాబడి, రెండు కోట్లకు మించిన ప్రయాణికులు ప్రమాణం. ఐదో తరగతికి కోటి నుంచి 10 కోట్ల రూపాయలు, 10 లక్షల నుంచి 20 లక్షల ప్రయాణికులు. అంతకు తక్కువైతే ఆరో తరగతి. ఏ తరగతి స్టేషన్‌కు కనీసం ఏ సౌకర్యాలు ఉండాలో పట్టిక వేరే ఉంది.

ఈ కొలతల్లో లోపాలు కొన్ని కనబడేవి, కొన్ని కనబడనివి. బయలుదేరినవారిని లెక్కించి, వచ్చి దిగినవారిని వదిలేయడం మొదటిది. జనగామలో పొద్దున ఎక్కి సాయంత్రం దిగేవారి విషయంలో తేడా రాదు. పోయేటప్పుడు కొన్న తిరుగు టికెట్‌తో లెక్క సరిపోతుంది. మహబూబాబాద్ తండాల నుంచి హైదరాబాద్ కూలికి పోయి, పండుగకో పెళ్లికో మూటాముల్లెతో ఒక్కసారిగా తిరిగివచ్చేవారికి నీళ్లూ నీడా కావలసింది దిగినచోట. వారి టికెట్ జమ అయ్యింది సికింద్రాబాద్ ఖాతాలో. రెండో లోపం, జనరల్ టికెట్ ఏ బండికీ కట్టుబడి ఉండదు గనుక ఫలానా ఎక్స్‌ప్రెస్‌లో ఫలానా స్టేషన్ నుంచి ఎందరు ఎక్కారో టికెట్ల లెక్కలో నేరుగా తెలియదు. మూడోది సీజన్ టికెట్. 150 కిలోమీటర్ల లోపు దూరానికి ఇచ్చే నెల పాస్‌ను రైల్వే గణాంకాలు 50 ప్రయాణాలుగా లెక్కిస్తాయి; ఉద్యోగి సెలవు పెట్టినా, సమ్మెలో ఉన్నా, అదనంగా ఆదివారం కూడా పోయినా ఆ సంఖ్య 50గానే ఉంటుంది. సికింద్రాబాద్‌కు సుమారు 85 కిలోమీటర్ల దూరాన ఉన్న జనగామ, వరంగల్‌కు సుమారు 60 కిలోమీటర్ల దూరాన ఉన్న మహబూబాబాద్ రెండూ పాస్‌ల పట్టణాలు. అక్కడ ఉపాధ్యాయులు, బ్యాంకు గుమస్తాలు, విద్యార్థులు నమ్ముకున్నది పుష్‌పుల్, శాతవాహన, గోల్కొండ, కాకతీయ, కృష్ణా వంటి బండ్లను. వారి ప్రయాణాలన్నీ ఒక అంచనా అంకెలో ఒదిగిపోతాయి.

ఈ పనినే ఇంగ్లండ్‌లో ఎట్లా చేస్తున్నారో చూడడం ఉపయోగకరం. 1974 ఏప్రిల్ 1న అక్కడ గ్రేటర్ మాంచెస్టర్, మెర్సీసైడ్, వెస్ట్ మిడ్‌లాండ్స్ వంటి ఆరు మెట్రోపాలిటన్ కౌంటీలు ఏర్పడ్డాయి. ఒక పెద్ద నగరం, దాని చుట్టూ అల్లుకున్న పట్టణాలు కలిపి ఒకే పాలనా ప్రాంతం చేయడం వాటి ఉద్దేశం. 1968 చట్టంతోనే ఇటువంటి ప్రాంతాల్లో బస్సు, రైలు రెంటినీ కలిపి చూసే ప్రయాణికుల రవాణా సంస్థలను పెట్టారు. రైలు, రోడ్డు నియంత్రణ కార్యాలయం ఏటా బ్రిటన్‌లోని 2,500కు పైగా స్టేషన్లకు ఒక్కొక్కదానికీ విడిగా, లోపలికి వచ్చినవారూ బయటికి పోయినవారూ కలిపి, వాడకం అంచనాలు ప్రచురిస్తుంది. బస్సుకూ రైలుకూ ఒకటే పాస్ వాడే ప్రాంతాల్లో టికెట్ల లెక్కలో కనబడని ప్రయాణాలను సర్వేల ఆధారంగా పూరించి, ఎట్లా పూరించారో కూడా వివరిస్తుంది. ఈ చివరి మాట ముఖ్యం. అంకె తప్పు కావచ్చు గాని, ఎక్కడ తప్పు కావచ్చో చదివేవాడికి తెలుస్తుంది. ప్రతి స్టేషన్‌కూ ఒకే తీరున లెక్కగట్టి, పద్ధతిని విప్పిచెప్పి, ఏటా ఒకేచోట ప్రచురించే ఆనవాయితీ మన దగ్గర ఇంకా స్థిరపడలేదు.

అక్కడి అంకెల్లో వింతలకూ కొదవ లేదు. గ్రేటర్ మాంచెస్టర్‌లోని డెంటన్ స్టేషన్‌లో చాలాకాలం వారానికి ఒక్క బండి ఆగేది. 2018–19లో ఆ స్టేషన్‌కు రాకపోకలు కలిపి నమోదైంది 46. మార్గాన్ని చట్టబద్ధంగా మూసేయాలంటే నడపవలసిన సుదీర్ఘ విచారణ కంటె వారానికి ఒక బండి నడపడం చవక గనుక ఆ ఏర్పాటు. అంత తక్కువ బండ్లు నడిపితే జనం రారు, జనం రానందువల్ల బండ్లు నడపరు. వాడకం అంకె జనం అవసరాన్ని చెబుతున్నదా, రైల్వే ఇచ్చిన సేవను చెబుతున్నదా అన్న ప్రశ్నకు డెంటన్ మంచి ఉదాహరణ. దానికంటె పెద్ద పాఠం 1963లో బ్రిటిష్ రైల్వే అధిపతి రిచర్డ్ బీచింగ్ ఇచ్చిన నివేదికలో ఉంది. మొత్తం మార్గాల్లో మూడో వంతు మీద ప్రయాణికుల రాకపోకలు ఒక శాతమేనని చూపి, 2,363 స్టేషన్లను మూయాలని ఆయన సిఫారసు చేశాడు. అయితే ఆధారంగా తీసుకున్న లెక్క 1961 ఏప్రిల్‌లోని ఒక్క వారానిది. వేసవిలో నిండిపోయే సముద్రతీరపు ఊళ్ల స్టేషన్లు ఆ వారంలో ఖాళీగా కనబడ్డాయని విమర్శకులు ఎత్తిచూపారు.

ఏ వారంలో లెక్కపెట్టాలన్న ప్రశ్న ఓరుగల్లు ప్రాంతానికి ఇంగ్లండ్ కంటె ఎక్కువ అవసరం. రెండేళ్లకు ఒకసారి మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు రైలులో వచ్చేవారు కాజీపేటలోనో వరంగల్‌లోనో దిగి ఆర్టీసీ బస్సు ఎక్కుతారు. 2022 ఫిబ్రవరిలోనూ 2024 ఫిబ్రవరిలోనూ ఆ నాలుగు రోజులు ఆ స్టేషన్లు చూసిన రద్దీ, జాతర లేని 2023 ఫిబ్రవరిలో కనబడదు. 2019లో భూపాలపల్లి నుంచి విడిపోయిన ములుగు జిల్లాలో ఉంది మేడారం. అక్కడా రైల్వే స్టేషన్ లేదు. 2025 మే నెలలో కాళేశ్వరంలో జరిగిన సరస్వతీ పుష్కరాలకు వచ్చినవారి సంగతి కూడా ఇంతే. గోదావరి, ప్రాణహిత కలిసే కాళేశ్వరం భూపాలపల్లి జిల్లాలోదైనా, అక్కడికి వచ్చిన భక్తుల రైలు ప్రయాణం పొరుగు జిల్లాల స్టేషన్ల దగ్గర ముగిసి, మిగతా దారి రోడ్డు మీద సాగింది. యాత్రికులు దిగినవారే గనుక, ముందు చెప్పిన లోపం వల్ల వారి ప్రయాణంలో సగం ఈ ప్రాంతపు ఏ స్టేషన్ ఖాతాలోకీ రాదు.

భూపాలపల్లి భౌగోళిక స్థితిని ఒకసారి పరికించాలి. పడమర కాజీపేట–బల్లార్షా మార్గం జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం మీదుగా ఉత్తరానికి పోతుంది. దక్షిణాన కాజీపేట–డోర్నకల్ మార్గం. ఆగ్నేయాన డోర్నకల్ నుంచి కొత్తగూడెం మీదుగా మణుగూరు దాకా పోయి ఆగే శాఖ. ఈశాన్యాన గోదావరి, అవతల మహారాష్ట్రలోని సిరోంచ. ఈ నాలుగింటి నడుమ మిగిలిన విశాలమైన అడవి ప్రాంతంలో, జిల్లా కేంద్రం నుంచి హనుమకొండకు సుమారు 70 కిలోమీటర్లు రోడ్డు మీద రావాలి. నేల కింద మాత్రం ఇది బొగ్గు జిల్లా. కాకతీయ ఖని పేరుతో సింగరేణి గనులు నడుస్తున్నాయి, కొత్తగూడెం, ఇల్లందు, బెల్లంపల్లి వంటి పాత రైలు పట్టణాల నుంచి బదిలీ మీద వచ్చిన కార్మిక కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. ఇల్లందులో బొగ్గు రైలును తెచ్చింది, రైలు పట్టణాన్ని తెచ్చింది. భూపాలపల్లిలో బొగ్గు లారీలను తెచ్చింది. విద్యుత్ కేంద్రం గని పక్కనే కట్టుకుంటే బొగ్గును రైలులో దూరం పంపవలసిన పని తగ్గుతుంది, ఆ మేరకు పట్టాలు వేయవలసిన ఒత్తిడీ తగ్గుతుంది. కరెంటు తీగల మీద పోయే బొగ్గుకు స్టేషన్ అక్కరలేదు. నష్టం జరిగింది ప్రయాణికుడికి.

రామగుండం నుంచి మంథని, భూపాలపల్లి, మేడారం మీదుగా మణుగూరు దాకా సుమారు 200 కిలోమీటర్ల కొత్త మార్గం ప్రతిపాదన చాలా ఏళ్లుగా సర్వేలు, బడ్జెట్ ప్రస్తావనల మధ్య తిరుగుతున్నది. ఇటువంటి ప్రతిపాదనలను తూచేటప్పుడు ఎంత పెట్టుబడికి ఏటా ఎంత శాతం రాబడి వస్తుందో చూస్తారు. సరుకుల రాబడి గనుల ఉత్పత్తి పట్టికల నుంచి తేలిగ్గా తేలుతుంది, ప్రయాణికుల రాబడి ఊహ మీద తేలుతుంది. ఆ ఊహకు ఇప్పుడు ఆధారం ఏదీ లేదు, ఎందుకంటే భూపాలపల్లి నుంచి రైలెక్కేవారి లెక్క ఎవరి దగ్గరా విడిగా లేదు. భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లి దాకా 54 కిలోమీటర్ల మార్గం 2022లో వినియోగంలోకి రాగలిగింది ఖర్చులో ఎక్కువ భాగం సింగరేణి భరించినందువల్ల, కొత్త గనుల బొగ్గు కోసం. ఎవరి డబ్బుతో వేసిన పట్టాలు వారి సరుకునే ముందు మోస్తాయి. పట్టాలు ఎవరి డబ్బుతో, ఎవరి కోసం అన్నదే 1883లో అడిగిన ప్రశ్న.

స్టేషన్లు ఉన్న రెండు జిల్లాల కష్టం వేరు. అక్కడ స్థానిక పత్రికల్లో తరచుగా కనబడే మాట హాల్టింగ్. ఫలానా ఎక్స్‌ప్రెస్‌కు కేసముద్రంలో, ఘన్‌పూర్‌లో, డోర్నకల్‌లో హాల్టింగ్ ఇవ్వాలని ఎంపీలకు వినతిపత్రాలు ఇవ్వడం ఈ ప్రాంత రాజకీయాల్లో ఒక నిత్యకృత్యం. రైల్వే అటువంటి కోరికను మన్నిస్తే మొదట ఆరు నెలలపాటు ప్రయోగాత్మకంగా ఆపి, టికెట్ల అమ్మకం బండి ఆపినందుకయ్యే ఖర్చుకు సరిపోతున్నదా లేదా చూసి కొనసాగిస్తుంది లేదా ఎత్తేస్తుంది. ఆరు నెలల్లో ఊరి అలవాటు మారదు. బండి ఆగుతున్న సంగతి తెలిసి, పాత బస్సు వదిలి, పిల్లల కళాశాల ఎంపిక నుంచి కూరగాయల సంచుల వ్యాపారం దాకా దానికి అనుగుణంగా మార్చుకోవడానికి రెండేళ్లయినా పడుతుంది. 2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాద్–విశాఖపట్నం వందే భారత్ జనగామనూ మహబూబాబాద్‌నూ ఆగకుండా దాటిపోతుంది. దూరప్రయాణపు బండికి అది తగినదే, దాని మీద తగవు అనవసరం. తగవు పడవలసింది 2020 మార్చిలో కరోనా వల్ల బండ్లు ఆగిన తరువాత జరిగినదాని మీద. తిరిగి మొదలైనప్పుడు పాసింజర్ బండ్లు చాలావరకు ఎక్స్‌ప్రెస్ పేరుతో వచ్చాయి, కనీస చార్జీ 10 రూపాయల నుంచి 30 రూపాయలైంది, 2024 ఫిబ్రవరి దాకా అట్లాగే ఉంది. ఏళ్ల తరబడి పేదవాడిని రైలు నుంచి తరిమి, ఆ తరువాత చిన్న స్టేషన్లలో వాడకం తగ్గిందనడం న్యాయం కాదు.

ఆ మధ్యకాలంలోనే మరొక మార్పు వచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. జనగామ–వరంగల్ వంటి దగ్గరి దూరాల్లో రైలు టికెట్ ఎంత చవకైనా ఉచితంతో పోటీపడలేదు గనుక, స్టేషన్ల వాడకం అంకెల్లో ఈ పథకం ప్రభావం ఉండకతప్పదు. అయితే ఈ పథకం అనుకోకుండా ఒక మేలు చేసింది: ప్రతి ప్రయాణికురాలికీ కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు, దాని మీద ఎక్కిన చోటు, దిగిన చోటు ఉంటాయి. డబ్బు తీసుకోని ప్రయాణాన్ని కూడా లెక్కలోకి తేవచ్చునని ఆర్టీసీ చూపించింది. భూపాలపల్లి డిపో బస్సుల్లో వచ్చి వరంగల్ రైల్వే స్టేషన్ ముందు దిగే ఆడవారు ఏ రోజు ఎందరో ఆ టికెట్ల యంత్రాలకు తెలుసు.

2024 సెప్టెంబరు 1 నాటి వానలకు కేసముద్రం–ఇంటికన్నె మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి, కొన్ని రోజులపాటు ఈ మార్గం మీద రాకపోకలు నిలిచిపోయాయి. దక్షిణాదినీ ఉత్తరాదినీ కలిపే బండ్లు చిన్న స్టేషన్లలో గంటల తరబడి నిలిచాయి. ఆ రోజు ఆ స్టేషన్ల ప్లాట్‌ఫారాల మీద ఉన్న జనం వారి వార్షిక అంకెల్లో లేరు, ఆ స్టేషన్లకు తరగతి ప్రకారం దక్కిన కుళాయిలు వారి కోసం పెట్టినవి కావు. ప్రధాన మార్గం మీది చిన్న స్టేషన్ తన ఊరికే కాక ఆ మార్గం మొత్తానికి ఆసరా అన్న సంగతిని ఎన్ఎస్‌జీ పట్టిక గుర్తించదు.

జనగామ, మహబూబాబాద్ రెండూ అమృత్ భారత్ స్టేషన్ల జాబితాలో ఉన్నాయి. అదే పథకం కింద వరంగల్ స్టేషన్‌ను 2025 మే 22న కొత్త రూపంతో ప్రారంభించారు. ముఖద్వారాలు, లిఫ్టులు వస్తున్నాయి, రావలసినవే. వాటితోపాటు రావలసిన చవకైన పని ఒకటుంది. వరంగల్, కాజీపేట, జమ్మికుంట, పెద్దపల్లి, మణుగూరు స్టేషన్లలో ఎక్కే దిగే ప్రయాణికులను ఒకే ప్రశ్న అడగాలి: ఏ మండలం నుంచి బయలుదేరారు, ఏ మండలానికి పోతున్నారు. ఆ సర్వే ఒక మామూలు వారంలో, ఒక పంటకోతల వారంలో, ఒక జాతర వారంలో జరగాలి. ఆర్టీసీ జీరో టికెట్ల వివరాలు దానికి జోడించాలి. వచ్చిన అంకెలను పద్ధతితో సహా ప్రచురించాలి. కాకతీయ విశ్వవిద్యాలయం అర్థశాస్త్ర, గణాంకశాస్త్ర విభాగాల విద్యార్థులు రైల్వే అనుమతితో చేయదగిన పని ఇది, పెద్ద నిధులు అక్కరలేనిది. 2027లో గోదావరి పుష్కరాలకు కాళేశ్వరం మళ్లీ నిండుతుంది. ఆలోగా ఈ లెక్క పూర్తిచేసి దక్షిణ మధ్య రైల్వే ముందు, శాసనసభ్యుల ముందు, ప్రజల ముందు పెట్టవలసిందిగా విశ్వవిద్యాలయానికీ మూడు జిల్లాల పాలనాధికారులకూ విజ్ఞప్తి.